ఏడాదిలో లెవల్ 3 రావాలంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలకరి | మార్చి 4, రాత్రి 9.20

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో 64 మంది పనిచేసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో తొమ్మిదేళ్లుగా టెస్టర్‌గా ఉన్నాను. ఆసుపత్రుల్లోని మందుల దుకాణాలకు నిల్వలు, బిల్లులు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. ఈ మధ్య ఒక పెద్ద టెండర్ వేద్దామని చూస్తే, అర్హతల పేజీలోనే 'సీఎంఎంఐ లెవల్ 3 తప్పనిసరి' అని ఉంది. సంస్థ పని పద్ధతి ఎంత గట్టిదో చెప్పే స్థాయి అట అది. మా యజమాని ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఏడాదిలో మనకూ ఇది రావాలి. నువ్వే చూసుకోవాలమ్మా" అన్నారు.

మర్నాడే ఒక కన్సల్టెంట్ వచ్చారు. 140 నమూనా పత్రాలున్న ఫోల్డర్ చూపించి, సంస్థ పేరు మార్చుకుంటే చాలని, ఎనిమిది నెలల్లో పని అయిపోతుందని చెప్పారు. అప్పటి నుంచి నా మనసు ఒప్పుకోవడం లేదు.

ఎందుకో చెబుతాను. గడువు తీరిన మందు బ్యాచ్ కూడా కౌంటర్‌లో బిల్లు అయిపోయే బగ్ ఒకటి ఉండేది. డిసెంబరులో సరిచేశారు, నేనే పరీక్షించి మూసేశాను. ఫిబ్రవరి రిలీజ్‌లో అదే బగ్ మళ్లీ వచ్చింది. అక్కడి ఫార్మసిస్టు అట్ట మీది తేదీ చూసి ఆపారు కాబట్టి సరిపోయింది. తవ్వి చూస్తే తేలిందేమిటంటే, ఎప్పుడూ బిల్డ్ తీసే (అంటే కోడ్ నుంచి కస్టమర్‌కు పంపే సాఫ్ట్‌వేర్ తయారుచేసే) సీనియర్ ఆ రోజు సెలవులో ఉన్నారు. ఇంకొకరు తన ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత కోడ్‌తో బిల్డ్ తీసి పంపేశారు. ఏ కోడ్ నుంచి ఏ బిల్డ్ తయారైందో చెప్పే ఆధారం మా దగ్గర ఒక్కటీ లేదు.

ఆ 140 పత్రాలు ఈ తప్పును ఆపుతాయా? అసలు ఈ లెవల్ అంటే ఏమిటి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతకాపు | మార్చి 4, రాత్రి 11.05

తొలకరి గారూ, మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఆ టెండర్ షరతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మిగతాది సులువవుతుంది.

1980ల్లో అమెరికా రక్షణ శాఖ రాయించుకునే సాఫ్ట్‌వేర్ చెప్పిన గడువుకు వచ్చేది కాదు, చెప్పిన ఖర్చులో తేలేది కాదు. 1984లో ఆ శాఖ నిధులతో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఐబీఎంలో 27 ఏళ్లు పనిచేసిన వాట్స్ హంఫ్రీ 1986లో అందులో చేరారు. కాంట్రాక్టు అడుగుతున్నవాళ్లలో ఎవరు మాట నిలబెట్టుకోగలరో పని ఇవ్వకముందే తెలుసుకోవడం ఎలా? ఆయన బృందం ముందున్న ప్రశ్న అదే. కాబట్టి ఈ మెట్లు, అంటే మీరు అడిగిన లెవల్స్, కొనేవాడి అవసరంలోంచే పుట్టాయి. మీ టెండర్‌లో ఆ షరతు కనిపించడంలో వింత ఏమీ లేదు.

మెట్ల ఊహ కూడా పూర్తిగా కొత్తది కాదు. ఫిలిప్ క్రాస్బీ 1979లోనే నాణ్యత నిర్వహణకు అయిదు దశల పట్టిక ఇచ్చారు. దాన్ని సాఫ్ట్‌వేర్ పనికి తగ్గట్టు మలిచింది హంఫ్రీ. 1991లో సీఎంఎం (కెపబిలిటీ మెచ్యూరిటీ మోడల్) అనే నమూనా వచ్చింది, 1993లో 1.1 రూపం వచ్చింది. ఆ తర్వాత వేర్వేరు రంగాల నమూనాలన్నీ కలిపి సీఎంఎంఐ చేశారు.

ఇక మెట్లు. మీ సంస్థనే తీసుకుందాం. సీనియర్ ఉన్న రోజు బిల్డ్ చక్కగా వెళ్లింది, లేని రోజు పాత కోడ్ వెళ్లింది. ఫలితం పద్ధతి మీద కాక మనిషి మీద ఆధారపడింది. ఒకటో మెట్టు అంటే ఇదే. అక్కడ ప్రతిభ లేదని దాని అర్థం కాదు. చాలాసార్లు ఒకటో మెట్టు సంస్థల్లోనే మహా గట్టివాళ్లుంటారు. వాళ్లు రాత్రుళ్లు మేలుకుని నెట్టుకొస్తుంటారు కాబట్టే సంస్థ నిలబడుతుంది.

రెండో మెట్టు మీద ఒక్కో ప్రాజెక్టు తన మాట తాను నిలబెట్టుకుంటుంది. ఏం చేయాలో రాసి ఉంటుంది, మార్పు వస్తే ఎవరు ఒప్పుకున్నారో తెలుస్తుంది, పని ఎక్కడిదాకా వచ్చిందో ఎవరినీ బతిమాలకుండా చూడవచ్చు, ఏ కోడ్ ఏ బిల్డ్‌లో ఉందో చెప్పవచ్చు. మూడో మెట్టుకు వచ్చేసరికి ఒక ప్రాజెక్టు నేర్చుకున్నది ఇంకో ప్రాజెక్టుకు అందుతుంది. సంస్థకంతటికీ ఒక పద్ధతి ఉంటుంది, దాన్ని ఎవరి పనికి తగ్గట్టు వాళ్లు సర్దుకునే వీలూ ఉంటుంది. నాలుగో మెట్టు, అయిదో మెట్టు కొలతల అంకెల మీద నడుస్తాయి, వాటి జోలికి ఇప్పుడు పోవద్దు.

మీకు జరిగింది కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ లోపం, అంటే ఏ కోడ్ ఏ రూపంలో ఎక్కడ ఉందో లెక్క పెట్టుకోకపోవడం. సీఎంఎం రెండో మెట్టుకు అడిగిన ఆరు అంశాల్లో అదొకటి. ఆ ఫోల్డర్‌లోని పత్రాల్లో చాలా భాగం మూడో మెట్టువి అయి ఉంటాయి. బిల్డ్ ఎక్కడిదో తెలియని సంస్థకు అవి తొడగడం నేల విడిచి సాము చేయడమే. ముందు బిల్డ్ సంగతి చూడండి.

నల్లరేగడి | మార్చి 5, ఉదయం 7.48

పాతకాపు గారంటే గౌరవం ఉంది. అయినా నేను చూసింది వేరు, అది కూడా చెప్పి తీరాలి.

నేను 17 ఏళ్లుగా కోడ్ రాస్తున్నాను. ఇంతకు ముందు పనిచేసిన ఒక సంస్థలో లెవల్ తేల్చే మదింపుకు మూడు వారాల ముందు మమ్మల్ని ఆరుగురిని ప్రాజెక్టు పని ఆపించి ఒక గదిలో కూర్చోబెట్టారు. రెండేళ్ల సమావేశాల మినిట్స్ అక్కడే రాశాం. ఒకరు తేదీలు చదివేవారు. అవి ఆదివారాలకూ పండుగలకూ తగలకుండా ఇంకొకరు క్యాలెండర్ పట్టుకుని చూసేవారు. జరగని రివ్యూలలో దొరకని లోపాలను ఒక్కో పత్రానికి మూడు నుంచి అయిదు చొప్పున కల్పించాం, ఎందుకంటే అన్నిటికీ సున్నా పెడితే అనుమానం వస్తుందట. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయింది. తాను చేరకముందు జరిగిన సమావేశానికి హాజరైనట్టు సంతకం పెట్టమన్నప్పుడు ఆమె కలం పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు.

లెవల్ వచ్చింది, గోడకు ఫ్రేము ఎక్కింది. మా కోడ్‌లో ఒక్క వరుస కూడా మెరుగుపడలేదు. ఇది చూసినవాడికి ఈ నమూనా మీద నమ్మకం ఎలా ఉంటుంది?

ఇది నా ఒక్కడి మాట కాదు. సాఫ్ట్‌వేర్ పరీక్షల రంగంలో పేరున్న జేమ్స్ బాక్ 1994లోనే సీఎంఎంను గట్టిగా విమర్శించారు. నమూనా పద్ధతికి పెద్దపీట వేసి మనిషిని మరిచిపోయిందని ఆయన బాధ. కొత్తది సృష్టించే సంస్థలు ఒకటో మెట్టు మీదే ఉండి కూడా గొప్ప సాఫ్ట్‌వేర్ ఎలా ఇస్తున్నాయో దానిలో జవాబు లేదన్నారు.

తొలకరి గారూ, మీ యజమానికి నిజం చెప్పండి. బిల్డ్ సమస్యకు మంచి టూలు పెట్టుకుంటే చాలు, లెవల్ వద్దు.

గోదారిగట్టు | మార్చి 5, మధ్యాహ్నం 1.15

నేను మూడు మదింపు బృందాల్లో సభ్యుడిగా కూర్చున్నాను. నల్లరేగడి గారు చెప్పినలాంటివి జరుగుతాయని నాకూ తెలుసు. కానీ అది మోసం. నమూనా అలా చేయమని ఎక్కడా చెప్పలేదు.

ఇంకో సంగతి. అందరూ 'సర్టిఫికెట్' అంటారు, అది సరైన మాట కాదు. లీడ్ అప్రైజర్, అంటే బృందానికి పెద్దగా ఉండే మదింపుదారు, నడిపించే మదింపులో ఒక స్థాయి నిర్ణయిస్తారు. అది మూడేళ్లే చెల్లుతుంది. స్థాయి సంస్థ మొత్తానికి కాక, మదింపు పరిధిలోకి వచ్చిన విభాగానికే వర్తిస్తుంది. కొనేవాళ్లు ఈ పరిధి చదవకుండా అంకె మాత్రమే చూడటం వల్ల సగం అనర్థం జరుగుతోంది.

మదింపులో కాగితాలు మాత్రమే చూస్తామనుకోవద్దు. మనుషులతో మాట్లాడతాం. "చివరిసారి అవసరాలు మారినప్పుడు నీకు ఎలా తెలిసింది?" అని అడిగితే, నిజంగా పని చేసినవాడు తన కంప్యూటర్ తెరిచి చూపిస్తాడు, కంఠస్థం చేసినవాడు పత్రం పేరు చెబుతాడు. తేడా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

2010లో వచ్చిన 1.3 రూపంలో సాఫ్ట్‌వేర్ అభివృద్ధికి 22 అంశాలుండేవి: రెండో మెట్టుకు 7, మూడుకు 11, నాలుగుకు 2, అయిదుకు 2. ఎక్కువ బరువు ఎక్కడుందో ఆ అంకెలే చెబుతున్నాయి. 2018లో 2.0, 2023లో 3.0 వచ్చాయి. 2.0 నుంచి రెండు మార్పులు నాకు బాగా నచ్చాయి. ఏ ప్రాజెక్టులను చూడాలన్నది సంస్థ చేతిలో వదిలేయకుండా యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తారు, కాబట్టి ముద్దుబిడ్డలాంటి ఒక్క ప్రాజెక్టును ముస్తాబు చేసి కూర్చోబెట్టడం కష్టమైంది. రెండోది, పద్ధతి అలవాటుగా నిలబడిందా, ఒత్తిడి వచ్చిన రోజు కూడా పాటిస్తున్నారా అని ప్రత్యేకంగా చూస్తారు.

చిరుగాలి | మార్చి 5, సాయంత్రం 6.30

మా నాన్నగారి పొదుపులో కొంత సత్యం కంప్యూటర్స్ షేర్లలో ఉండేది. 2009 జనవరి 7న హైదరాబాద్‌లో ఆ సంస్థ లెక్కల్లో మోసం జరిగిందన్న వార్త వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. అంత పెద్ద సంస్థ, లెవల్ 5 సంస్థ అని పేరు. ఆ మెట్లన్నీ ఏమైపోయాయని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు మీ అందరినీ అడుగుతున్నాను.

పాతకాపు | మార్చి 5, రాత్రి 8.10

చిరుగాలి గారూ, మీ ఇంటి బాధ ఎంతటిదో ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఉన్న మాకు తెలుసు. ఈ నమూనా ఒక ప్రాజెక్టు బృందం సాఫ్ట్‌వేర్ ఎలా తయారు చేస్తోందో చూస్తుంది. బ్యాంకు నిల్వలు, లెక్కల పుస్తకాలు దాని పరిధిలో లేవు. అక్కడ కోడ్ రాసిన వేలమంది తమ పని నిజాయితీగానే చేశారు. వాళ్ల పని పద్ధతికి వచ్చిన గుర్తును సంస్థ మొత్తం నడతకు ముద్రగా జనం చదువుకున్నారు. గోదారిగట్టు గారు చెప్పిన పరిధి మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

హ్యూస్టన్ తెలుగువాడు | మార్చి 6, ఉదయం 8.02

నేనుండే ఊరి కథ ఒకటి ఈ చర్చకు అవసరం అనిపించింది. స్పేస్ షటిల్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడి ఐబీఎం బృందం రాసేది. సంస్థల పేర్లు, యాజమాన్యాలు తర్వాత మారాయి, బృందం కొనసాగింది. 1989లో, సీఎంఎం ఇంకా రాకముందే, హంఫ్రీ బృందం తొలి మెట్ల ప్రకారం ఆ బృందాన్ని అయిదో మెట్టుగా తేల్చారు. అలాంటి గుర్తింపు పొందిన మొట్టమొదటి బృందాల్లో అదొకటి.

1996లో ఒక అమెరికా పత్రిక వాళ్ల గురించి రాసిన అంకెలు చూడండి. సుమారు 4,20,000 వరుసల కోడ్. అప్పటికి వచ్చిన చివరి మూడు విడుదలల్లో ఒక్కో దానిలో దొరికిన తప్పు ఒక్కటి. చివరి 11 విడుదలలన్నిటిలో కలిపి 17.

ఇది ఎలా సాధ్యమైంది? తప్పు దొరికితే దాన్ని సరిచేసి వదిలేసేవారు కాదు. ఈ తప్పు ఎందుకు పుట్టింది, రివ్యూలోనూ టెస్టింగ్‌లోనూ ఎందుకు దొరకలేదు, ఇదే తీరు తప్పు కోడ్‌లో ఇంకెక్కడైనా దాగి ఉందా అని వరసగా అడిగేవారు. చివరి ప్రశ్న కోసం మొత్తం కోడ్ వెతికేవారు. ఏ వరుస ఎప్పుడు, ఎందుకు మారిందో వాళ్ల దగ్గర చరిత్ర ఉండేది. నిందను పని మీద మోపేవారు తప్ప మనిషి మీద కాదు.

నల్లరేగడి గారూ, ఒక మాట గమనించండి. ఈ బృందం నమూనా చదివి ఇలా తయారు కాలేదు. 1970ల నుంచే అలా పనిచేస్తూ వచ్చింది, లోపల మనుషులున్న వాహనం కాబట్టి మరో దారి లేదు. పని ముందు, మెట్టు తర్వాత.

నల్లరేగడి | మార్చి 6, ఉదయం 9.40

ఒప్పుకుంటున్నాను, ఆ బృందానికి దండం పెట్టాలి. కానీ ఆ సాఫ్ట్‌వేర్ మీద దాదాపు 260 మంది, ఏటా 3.5 కోట్ల డాలర్ల ఖర్చుతో పనిచేసేవారని అదే వ్యాసంలో ఉంది. వాడుకునేది ఒక్కరే, అవసరాలు ముందే తేలిపోయేవి. మనకు కస్టమర్ రాత్రి పదింటికి ఫోన్ చేసి, రేపు పొద్దుటికి బిల్లు మీద కొత్త పన్ను గడి కావాలంటాడు. ఈ రెండిటినీ ఒకే కొలబద్దతో కొలవకూడదన్నదే నా వాదన.

తీగమల్లె | మార్చి 6, మధ్యాహ్నం 12.20

కొలబద్ద ఒకటి కాకపోవచ్చు. కానీ బిల్డ్ విషయంలో తప్పు చేస్తే ఎంత దూరం పోతుందో చెబుతాను. సర్వర్ల మీదకు కోడ్ పంపే బృందంలో పనిచేస్తాను, మా జట్టులో కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ ముందు ఈ కథే చెబుతాను.

2012 ఆగస్టు 1. అమెరికాలో షేర్ల లావాదేవీలు చేసే నైట్ క్యాపిటల్ అనే సంస్థ. కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్ల మీద పెట్టాలి. ఏడింటి మీద పెట్టారు, ఒకటి మిగిలిపోయింది. మిగిలిన ఆ సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడని పాత కోడ్ ఉంది. ఆ పాత కోడ్‌ను మేల్కొలిపే గుర్తునే కొత్త పనికి మళ్లీ వాడారు. మార్కెట్ తెరవగానే ఎనిమిదో సర్వర్ ఆగకుండా ఆర్డర్లు కురిపించింది. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. తర్వాత నియంత్రణ సంస్థ విచారణలో ఏం తేలిందో చూడండి: ఆ కోడ్ అన్ని సర్వర్ల మీదకూ చేరిందో లేదో రెండో మనిషి చూడలేదు, చూడాలని చెప్పే రాతపూర్వక పద్ధతీ అక్కడ లేదు. మార్కెట్ తెరవడానికి ముందే ఆ వ్యవస్థ నుంచి 97 ఈమెయిళ్లు లోపం ఉందని సూచిస్తూ వచ్చాయి. వాటిని హెచ్చరికలుగా ఎవరూ తీసుకోలేదు.

అక్కడ మేధావులకు కొదవ లేదు. తొలకరి గారి ల్యాప్‌టాప్ బిల్డ్‌కూ దీనికీ స్వభావంలో తేడా లేదు, మొత్తంలోనే తేడా.

నల్లరేగడి గారు అన్నట్టు టూలు కావాలి, నిజమే. మేము రోజుకు ఎన్నో విడుదలలు చేస్తాం, మినిట్స్ రాయం. కానీ కోడ్ మార్పు ఎవరు ఆమోదించారో, ఏ పరీక్షలు దాటిందో, ఏ బిల్డ్‌గా మారిందో గిట్‌లోనూ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూలు) బిల్డ్ సర్వర్‌లోనూ దానంతట అదే నమోదవుతుంది. పని చేస్తుంటే మిగిలే ఆ జాడే మదింపుకు ఆధారం అవుతుంది. విడిగా కాగితం పుట్టించనక్కరలేదు. చిన్న చిన్న విడతల్లో పని చేసి ఇచ్చే ఎజైల్ పద్ధతికీ సీఎంఎంఐకీ పడదని చాలామంది అనుకుంటారు. రెండిటినీ కలుపుకుని పోవచ్చని 2008లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లే ఒక నివేదిక రాశారు.

అయితే ఒక చోట నాకు మెట్ల ఊహతోనే పేచీ ఉంది. మెట్టు ఎక్కేశాం, పని అయిపోయింది అనే భావన అది కలిగిస్తుంది. మా రంగంలో నాలుగు కొలతలు చూసుకుంటాం: ఎంత తరచుగా విడుదల చేస్తున్నాం, మార్పు రాసిన దగ్గర నుంచి కస్టమర్‌కు చేరడానికి ఎంత సమయం పడుతోంది, ఎన్ని విడుదలలు చెడుతున్నాయి, చెడితే ఎంతసేపట్లో నిలబెడుతున్నాం. వీటికి చివరి మెట్టు ఉండదు.

తొలకరి | మార్చి 7, రాత్రి 10.15

ఇంత ఓపికగా చెబుతున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. నల్లరేగడి గారూ, ఆ అమ్మాయి సంగతి చదివాక ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. జరగని సమావేశానికి మా దగ్గర ఎవరి చేతా సంతకం పెట్టించను. ఇవాళ యజమానికి కూడా ఆ మాటే చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "సరే, అయితే ఏడాది చాలదేమో" అన్నారు. కోప్పడలేదు.

ఇంకో ప్రశ్న. కొలతలు మొదలుపెడదామని ఆయన చాలా ఉత్సాహంగా ఉన్నారు. ఏ డెవలపర్ కోడ్‌లో నెలకు ఎన్ని బగ్గులు వచ్చాయో పట్టిక వేసి గోడకు అంటిద్దాం అంటున్నారు. నాకు భయంగా ఉంది, కానీ ఎందుకు వద్దో సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

పాతకాపు | మార్చి 8, ఉదయం 6.30

ఆ పట్టిక గోడెక్కకుండా ఆపండి. ఇది మాత్రం అనుభవించి చెబుతున్నాను.

1990ల చివర్లో మా బృందంలో కోడ్ తనిఖీలు బాగా జరిగేవి. మైఖేల్ ఫాగన్ 1976లో ఐబీఎం నుంచి ప్రచురించిన పద్ధతి అది. నలుగురు ముందుగానే కోడ్ చదువుకుని వచ్చి, కూర్చుని, వరుస వరుసా చూసి, దొరికిన తప్పులు రాసుకునేవారు. ఒక్కో తనిఖీలో పది పన్నెండు దొరికేవి. కోడ్ రాసినవాడే ముందుగా, "ఇక్కడ నాకే అనుమానంగా ఉంది, చూడండి" అనేవాడు. ఆ గదిలో అంత నమ్మకం ఉండేది.

ఒక ఏడాది కొత్త మేనేజరు ఆ అంకెలను జీతాల పెంపుకు ముడిపెట్టారు. రెండు నెలల్లో తనిఖీలో దొరికే తప్పులు ఒకటికో సున్నాకో పడిపోయాయి. నాణ్యత పెరిగిందని మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. నిజానికి ఏం జరిగిందంటే, స్నేహితులు ముందు రోజు సాయంత్రం టీ బడ్డీ దగ్గర ఒకరి తప్పులు ఒకరికి చెప్పుకుని, గదిలోకి వచ్చాక ఏమీ లేదనేవారు. అదయినా మేలే. అసలు చెప్పుకోని తప్పులు కస్టమర్ దగ్గరకు పోయాయి. అంతకు ముందు మూడేళ్లు కష్టపడి కూడబెట్టిన సమాచారం ఆ రోజు నుంచి ఎందుకూ పనికిరాకుండా పోయింది. చాలా ఏళ్లు గడిచినా ఆ నష్టం తలుచుకుంటే కడుపు మండుతుంది.

కొలత పని మీద పెట్టండి. తప్పు ఏ దశలో పుట్టింది, ఏ దశలో దొరికింది అని రెండే గడులు. అవసరాలు రాసుకునేటప్పుడు పుట్టిన తప్పు కస్టమర్ దగ్గర దొరికిందంటే మధ్యలో మూడు జల్లెళ్లు దాటిందన్నమాట. ఏ జల్లెడ చిరిగిందో అక్కడ బాగుచేయాలి. పేరు గడి వద్దు.

ఇంకొకటి. నెలకో అంకె చూసి, పెరిగితే తిట్టడం, తగ్గితే మెచ్చుకోవడం చేయనివ్వవద్దు. వాల్టర్ షూహార్ట్ 1924లోనే నియంత్రణ పటం, అంటే కొలతల హెచ్చుతగ్గులకు పై హద్దూ కింది హద్దూ చూపే పటం, గీసి చూపించారు. ఏ పనిలోనైనా కొంత ఎగుడుదిగుడు సహజంగానే ఉంటుంది. హద్దు దాటినప్పుడే ప్రత్యేక కారణం వెతకాలి. సహజమైన హెచ్చుతగ్గుల వెనకాల పరుగెత్తితే ఉన్న పని కూడా చెడుతుంది. సీఎంఎం నాలుగో మెట్టు నిలబడిందే ఈ ఆలోచన మీద. మీ ప్రాజెక్టులకు ఇంకా అంత సమాచారం పోగుపడలేదు, పటాలు గీయకండి. ఊరికే రాసి పెట్టుకోండి.

నల్లరేగడి | మార్చి 8, ఉదయం 10.05

పాతకాపు గారూ, ఆ గది గురించి రాసింది రెండుసార్లు చదివాను. అలాంటి తనిఖీలో నేనెప్పుడూ కూర్చోలేదు. కూర్చుని ఉంటే ఈ చర్చలో నా మొదటి టపా మరోలా ఉండేదేమో.

తొలకరి | ఆగస్టు 17, రాత్రి 9.50

అయిదు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. ఏం జరిగిందో చెప్పకపోతే బాకీ పడినట్టు ఉంటుంది.

కన్సల్టెంట్‌ను వద్దన్నాం. మొదటి రెండు నెలలు బిల్డ్ తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ బిల్డ్ బయటికి వెళ్లదు. ఒకే సర్వర్ తీస్తుంది, ప్రతి బిల్డ్ మీద కోడ్ గుర్తు సంఖ్య ఉంటుంది, సాఫ్ట్‌వేర్ తెర కింది మూలన కస్టమర్‌కు కూడా కనిపిస్తుంది. గడువు తీరిన బ్యాచ్ పరీక్ష ప్రతి బిల్డ్‌కూ దానంతట అదే నడుస్తుంది. ఆ పరీక్ష రాసింది ఫిబ్రవరిలో పాత కోడ్ పంపిన అబ్బాయే. నేను అడగలేదు, తానే వచ్చి రాస్తానన్నాడు.

మా సీనియర్‌ను ఒప్పించడం అన్నిటికన్నా కష్టమైంది. పన్నెండేళ్లుగా బిల్డ్ ఆయన చేతిలో ఉంది, తన అవసరం తగ్గిస్తున్నామని నొచ్చుకున్నారు. రెండు రోజులు ఆయన పక్కన కూర్చుని, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేస్తారో అడిగి రాసుకున్నాను. 31 అడుగులు తేలాయి. వాటిలో నాలుగు ఎందుకు చేస్తున్నారో ఆయనకే గుర్తు లేదు. జులైలో వాళ్ల అమ్మాయి పెళ్లికి పది రోజులు సెలవు పెట్టారు. ఆ పది రోజుల్లో రెండు విడుదలలు వెళ్లాయి. పెళ్లి మంటపంలో ఫోన్ మోగలేదు. తిరిగి వచ్చిన రోజు అందరికీ పూతరేకులు పంచి, నా బల్ల దగ్గర కాసేపు నిలబడి, "పన్నెండేళ్లలో మొదటిసారి సెలవులో నిద్రపోయానమ్మా" అన్నారు.

గోడ మీద పట్టిక రాలేదు. పాతకాపు గారు చెప్పిన రెండు గడుల పుస్తకం నడుస్తోంది. మూడు నెలల నమోదు చూస్తే, కస్టమర్ దగ్గర దొరికిన 23 తప్పుల్లో 14 అవసరాలు అర్థం చేసుకోవడంలోనే పుట్టాయి. కోడ్‌ను ఇంతకాలం అనవసరంగా తప్పుపట్టాం.

ఆ టెండర్ చేజారింది. మదింపు వచ్చే ఏడాది చివరికి పెట్టుకున్నాం, ముందు లెవల్ 2కు. యజమాని ఒప్పుకున్నారు.

ఇప్పుడు సమస్య ఆ 14 తప్పులది. మా కస్టమర్లు అవసరాలు వాట్సాప్‌లో గొంతు సందేశాలుగా పంపుతారు, లేదంటే ఫోన్‌లో చెబుతారు. రాసి పంపమంటే, "ఇన్నేళ్ల పరిచయం, నమ్మకం లేదా?" అంటారు. వాళ్లను నొప్పించకుండా దీన్ని ఎలా దారిలో పెట్టాలి?

గోదారిగట్టు | ఆగస్టు 18, ఉదయం 7.10

వాళ్లను రాయమనకండి, మీరే రాయండి. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో, "మీరు చెప్పింది మాకు ఇలా అర్థమైంది" అని అయిదారు వాక్యాలు తెలుగులోనే వాట్సాప్‌లో పంపండి. కింద ఒక ఉదాహరణ పెట్టండి: ఫలానా మందు, ఫలానా తేదీ, బిల్లు మీద ఎంత పడాలి. వాక్యాలు చదవనివాళ్లు కూడా అంకె తప్పయితే వెంటనే ఫోన్ చేస్తారు. వాళ్లు 'సరే' అన్నాకే ఆ సందేశాన్ని మీ మార్పుల పట్టికలో సంఖ్య వేసి ఎక్కించండి, కోడ్ మార్పుకు అదే సంఖ్య ఇవ్వండి. రెండో మెట్టులో అవసరాల నిర్వహణ కింద మేము వెతికేది ఈ ముడినే. వాట్సాప్ సందేశాన్ని ఆధారంగా చూపితే నేను కూర్చున్న బృందాల్లో ఎవరూ కాదనలేదు.

పాతకాపు | ఆగస్టు 18, ఉదయం 8.25

దానికి ఒకటి కలుపుతాను. ఆ 14లో ఎన్ని ఒకే కస్టమర్ నుంచి వచ్చాయో చూడండి. సగం ఒకరివే అయితే, మీ సీనియర్‌ను తీసుకుని ఒక పూట ఆ మందుల దుకాణం కౌంటర్ వెనకాల నిలబడి రండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, రద్దీ వేళలో వెళ్లండి. చూసింది ఇక్కడ రాయండి.